రేసు టైర్లు: అరుగుదల వేరు, పట్టు పోవడం వేరు. టైరును చూసి ఏం జరిగిందో ఎలా చెప్పాలి?

#1 కెర్బ్_మీద

రేసు చూస్తున్నప్పుడు ‘టైరు అయిపోయింది’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు ఉన్నాయి. రబ్బరు మందం తగ్గడం ఒకటి. మందం ఉండగానే వేడికి పట్టు సడలడం రెండోది. పైపొర చిరిగి పొట్టు కట్టడం మూడోది. లోపల ఉడికి పొక్కులు లేవడం నాలుగోది. వీటన్నిటికీ ఒకే మందు పనిచేయదు. ఒకదానికి డ్రైవరు నెమ్మదిస్తే టైరు కోలుకుంటుంది, ఇంకోదానికి నెమ్మదిస్తే టైరు చల్లబడి మరీ చెడుతుంది.

ఎఫ్1 (ఫార్ములా వన్) చూసేవాళ్లకీ, చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల మీద క్లబ్ కార్లు తిప్పేవాళ్లకీ పనికొచ్చేలా ఈ థ్రెడ్‌లో మూడు సంగతులు రాబట్టాలని ఉంది:

టైరు పైన కనిపించే గుర్తులకు అర్థమేంటి?
గాలి ఎంత పెట్టాలి, ఏ లెక్కన?
ల్యాపు టైములు చూసి టైరు పరిస్థితి ఎలా పట్టుకోవాలి?

తెలిసినవాళ్లు అంకెలతో సహా రాయండి. ‘అనుభవం మీద తెలుస్తుంది’ అనే జవాబు మాత్రం వద్దు.

#2 రబ్బరు_పాకం

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

స్లిక్ (గాళ్లు లేని నున్నటి) టైరు రోడ్డును రెండు రకాలుగా పట్టుకుంటుంది. వేడెక్కిన రబ్బరు తారుకు అంటుకోవడం ఒకటి. తారులోని రాళ్ల గరుకుతనంలోకి రబ్బరు దిగి, నలిగి, తిరిగి తన ఆకారానికి రావడం రెండోది. రెండింటికీ సరైన వేడి కావాలి. చాలా స్లిక్కులకు అది సుమారు 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది, కాంపౌండును (రబ్బరు మిశ్రమాన్ని) బట్టి అటూ ఇటూ జరుగుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే టైరులో వేడి ఒకటి కాదు, రెండు. పైపొర వేడి ఒక మలుపులోనే 20, 30 డిగ్రీలు ఎగిరి, స్ట్రెయిట్‌లో మళ్లీ పడిపోతుంది. లోపలి రబ్బరు, దాని కింది కార్కస్ (దారాలతో అల్లిన టైరు అస్థిపంజరం) మాత్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారతాయి. గొడవలన్నీ ఈ రెండు వేడుల మధ్య తేడాలోంచే వస్తాయి.

గ్రెయినింగ్: రబ్బరు ఇంకా చల్లగా, బిరుసుగా ఉండగానే టైరు పక్కకు జారితే పైపొర చిరుగుతుంది. పెన్సిల్ గీత చెరిపినప్పుడు రబ్బరు నుంచి వచ్చే పొట్టు చూశారు కదా, సరిగ్గా అలాగే సన్నని పోగులుగా చుట్టుకుని ట్రెడ్ (నేలను తాకే రబ్బరు పొర) మీదే అతుక్కుంటుంది. కారు ఆ పొట్టు మీద నడుస్తుంది కాబట్టి పట్టు ఉండదు. ముందు టైర్లకు ఎక్కువగా భుజం (ట్రెడ్ అంచు) దగ్గర మొదలవుతుంది. చేతితో రాస్తే ఒకవైపు నునుపుగా, రెండోవైపు గరుకుగా తగులుతుంది. ఆ గరుకు ఏ దిక్కున ఉందో చూస్తే టైరు ఎటు జారిందో తెలుస్తుంది. లాస్ వేగాస్ రేసు నవంబరు రాత్రి చలిలో, పొడవాటి స్ట్రెయిట్‌ల మీద జరుగుతుంది. అక్కడ ముందు టైర్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

దీని నుంచి బయటపడే దారి ఉంది. స్టీరింగ్ తిప్పడం తగ్గించి, మలుపులోకి కాస్త నిదానంగా వెళ్లి, జారనివ్వకుండా నాలుగైదు ల్యాపులు నడిపితే ఆ పొట్టు అరిగి ఊడిపోతుంది, కింద శుభ్రమైన రబ్బరు బయటపడుతుంది. అలాగని మరీ నెమ్మదిస్తే టైరు చల్లారి మళ్లీ మొదటికొస్తుంది.

బ్లిస్టరింగ్: ఇది లోపలి నుంచి వస్తుంది. ట్రెడ్ రబ్బరు నలుగుడుకు లోపల మరీ వేడెక్కితే అందులోంచి ఆవిరి పుట్టి బుడగ కడుతుంది. పుల్కా పొంగినట్టు పొంగి, ఆ తర్వాత పైపొర ఎగిరిపోయి గుంట పడుతుంది. గుంటలు సాధారణంగా చుట్టూతా ఒకే వరుసలో ఉంటాయి, లోపలి భుజం దగ్గరో నడిమధ్యనో. మందంగా ఉన్న కొత్త ట్రెడ్‌కు ఇది ఎక్కువ, ఎందుకంటే రబ్బరు ఎంత మందంగా ఉంటే అంత నలుగుతుంది, ఆ వేడి బయటికి రావడం అంత కష్టం. గుంట పడిన చోట రబ్బరు తిరిగి రాదు. డ్రైవరు వేగం తగ్గిస్తే కొత్త పొక్కులు రాకుండా ఆపగలడు, అంతవరకే.

పైపొర వేడి మితిమీరడం: ట్రెడ్ మెరుస్తూ, కొంచెం జిడ్డుగా కనిపిస్తుంది. చిరుగులు, గుంటలు ఉండవు. ముందున్న కారు వెనకే రెండు మూడు ల్యాపులు అంటుకుని వెళ్తే ఇలా అవుతుంది, ఎందుకంటే కారును నేలకు అదిమే గాలి ఒత్తిడి తగ్గి కారు జారుతుంది. వెనక్కి తగ్గి ఒకటి రెండు ల్యాపులు చల్లారనిస్తే పట్టు చాలా వరకు తిరిగొస్తుంది.

ఇక అసలు అరుగుదల. దీన్ని కంటితో అంచనా వేయకండి. స్లిక్ ట్రెడ్‌లో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిలో డెప్త్ గేజ్ పెట్టి మిల్లీమీటర్లలో కొలవాలి.

#3 పిట్‌గోడ

పైన చెప్పిన తేడా కళ్లకు కట్టాలంటే 2020 ఆగస్టు సిల్వర్‌స్టోన్ చూడాలి. ఒకే ట్రాకు, వారం తేడాతో రెండు రేసులు, రెండు వేర్వేరు చావులు.

ఆగస్టు 2. సేఫ్టీ కారు (ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మదిగా నడిపించే కారు) తొందరగా రావడంతో ముందున్నవాళ్లంతా హార్డ్ టైర్లు వేసుకుని మిగతా రేసంతా, అంటే 40కి దగ్గరగా ల్యాపులు, వాటి మీదే లాగేశారు. చివరి మూడు ల్యాపుల్లో బొటాస్, సైన్జ్, హామిల్టన్ ముగ్గురికీ ఎడమ ముందు టైరు పోయింది. హామిల్టన్ ఆఖరి ల్యాపు మూడు టైర్ల మీద ఈడ్చి గెలిచాడు. అక్కడ జరిగింది ఇది: ట్రెడ్ బాగా అరిగిపోయాక కింది కార్కస్‌కు కప్పు లేకుండా పోయింది, ఆ వేగాల్లో పడే బరువును అది మోయలేకపోయింది.

ఆగస్టు 9. కాంపౌండ్లు ఒక మెట్టు మెత్తవి తెచ్చారు, కనీస గాలి పెంచారు. ఈసారి మెర్సిడెస్ టైర్లు మందం ఉండగానే పొక్కులు పోయాయి. వెర్‌స్టాపెన్ కారు టైరును అంత ఉడికించలేదు, రేసు అతనిదైంది. మొదటివారం సమస్య మిల్లీమీటర్లది, రెండోవారం సమస్య డిగ్రీలది. రెండుసార్లూ టీవీలో వినపడింది మాత్రం ‘టైర్లు పోయాయి’ అనే.

#4 నాలుగో_నట్టు

రెండో ప్రశ్నకు వస్తాను. గాలి ఎంత అని అడిగితే ముందు అడగాల్సింది ‘చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా?’ అని. టైరు తయారీదారు చెప్పే పని ప్రెజర్ వేడిది. మనం పెట్టేది చల్లది. మధ్యలో లెక్క స్కూల్లో చదివిన వాయు సూత్రమే, కాకపోతే గేజీ అంకెకు 14.7 (బయటి గాలి ఒత్తిడి) కలిపి, ఉష్ణోగ్రతకు 273 కలిపి లెక్కేయాలి.

మీ సెమీ స్లిక్‌కు (కొద్దిపాటి గాళ్లున్న టైరు) వేడి ప్రెజర్ 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కావాలి, నడిచేటప్పుడు లోపలి గాలి 80 డిగ్రీలకు చేరుతుంది అనుకుందాం.

పొద్దున 27 డిగ్రీల్లో పెడితే 23.3
పది గంటలకు 32 డిగ్రీల్లో పెడితే 23.9
మధ్యాహ్నం 40 డిగ్రీల్లో పెడితే 24.9

అంటే పొద్దున పెట్టిన 23.3నే మధ్యాహ్నం కూడా గుడ్డిగా పెడితే, నడిచేటప్పుడు 1.8 పీఎస్ఐ దాకా తక్కువ వస్తుంది. మన ఎండల్లో ఈ తప్పు జరిగినంతగా ఇంకేదీ జరగదు. ఇంకో సంగతి, కారు పార్కింగ్‌లో ఒకవైపు ఎండకు నిలబడి ఉంటే ఆ వైపు టైర్లు ముందే వేడెక్కి ఉంటాయి, గేజీ ఎక్కువ చూపిస్తుంది, మీరు గాలి తీసేస్తారు. నాలుగు చక్రాలూ నీడలో గంటసేపు ఉన్నాకే చల్ల ప్రెజర్ పెట్టండి.

ట్రాకు గడియారపు దిశలో ఉంటే కుడి మలుపులు ఎక్కువ, కాబట్టి ఎడమ టైర్లు ఎక్కువ వేడెక్కుతాయి. అందుకని చల్లగా ఉన్నప్పుడు ఎడమవైపు ఒక పీఎస్ఐ దాకా తక్కువ పెట్టాలి, వేడెక్కాక రెండువైపులా సమానం అవ్వాలి. నాలుగింటికీ చల్లగా ఒకే అంకె పెట్టడం రోడ్డు కారు అలవాటు.

తక్కువ గాలి పెడితే పట్టు ఎక్కువని కొందరు గట్టిగా నమ్ముతారు. కొంతవరకే నిజం. తక్కువైన కొద్దీ సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎక్కువ నలుగుతుంది, కార్కస్ ఉడుకుతుంది, ట్రెడ్ రెండు అంచులూ అరుగుతాయి, మధ్యభాగం పని చేయదు. ఎక్కువైతే నడుమ ఉబ్బి, నేలను తాకే భాగం చిన్నదై, ఆ నడుమ భాగమే మాడుతుంది. ఎఫ్1లో టైర్లు ఇచ్చే పిరెల్లి ప్రతి రేసుకూ కనీస ప్రెజర్‌నూ, గరిష్ఠ క్యాంబర్‌నూ (చక్రం నిటారు నుంచి పక్కకు వాలే కోణం) నిర్ణయించేది అందుకే. టీములను వాటి ఇష్టానికి వదిలేస్తే ల్యాపు టైము కోసం కార్కస్ ప్రాణం మీదకు తెస్తాయి.

#5 కెర్బ్_మీద

నాలుగో_నట్టు గారూ, రెండు అనుమానాలు. నైట్రోజన్ నింపితే ఈ పెరుగుదల ఉండదంటారు, నిజమేనా? క్యాంబర్, గాలి సరిపోయాయో లేదో కొలిచి ఎలా తేల్చాలి?

#6 నాలుగో_నట్టు

నైట్రోజన్ కూడా అదే వాయు సూత్రానికి లోబడుతుంది. మామూలు గాలిలో నాలుగింట మూడొంతుల పైన ఉన్నదీ అదే. అసలు దొంగ తేమ. కంప్రెసర్ ట్యాంకు అడుగున నిలిచిన నీళ్లు గాలితోపాటు టైర్లోకి వెళ్తే, వేడికి ఆవిరై ప్రెజర్‌ను పై లెక్కకు అందనంత పెంచుతాయి. ఆ పెరుగుదల ఒక్కో టైరుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి లెక్క కుదరదు. నైట్రోజన్ సిలిండరు మంచిదనడానికి కారణం అది పొడిగా ఉండటం. తేమ తీసిన గాలి దొరికితే అదీ అంతే మంచిది. ఏది నింపినా, మొదట నింపి, పూర్తిగా వదిలేసి, మళ్లీ నింపండి. రెండుమూడుసార్లు అలా చేస్తే లోపలి పాత తేమ గాలి వెళ్లిపోతుంది.

ఇక కొలత. ట్రెడ్‌లోకి 3, 4 మిల్లీమీటర్లు గుచ్చే సూది థర్మామీటరు వాడాలి. తుపాకీలా చూపించే ఇన్‌ఫ్రారెడ్ పరికరం పైపొరనే చూస్తుంది, అది పిట్‌లోకి వచ్చే దారిలోనే చల్లారిపోయి ఉంటుంది.

చేసే పద్ధతి: కారు చివరిదాకా రేసు వేగంతో నడిచి నేరుగా లోపలికి రావాలి, చల్లార్చే ల్యాపు వద్దు. ఆగిన వెంటనే ఎక్కువ పనిచేసిన టైరుతో మొదలుపెట్టాలి, అంటే గడియారపు దిశ ట్రాకులో ఎడమ ముందుది. ప్రతిసారీ అదే వరుస పాటించాలి. ఒక్కో టైరుకు మూడు చోట్ల గుచ్చాలి: లోపలి అంచు నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర, నడుమ, బయటి అంచు నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర. నాలుగు టైర్లూ నిమిషంలో అయిపోవాలి. వెంటనే ప్రెజర్ కూడా రాసుకోవాలి. ఒకరు కొలుస్తూ చెబుతుంటే ఇంకొకరు రాయాలి, ఒక్కరే రెండూ చేస్తే ఆఖరి టైరు దగ్గరికొచ్చేసరికి అంకెలు పనికిరావు.

ఉదాహరణకు ఎడమ ముందు టైరు లోపల 98, నడుమ 95, బయట 82 వచ్చిందనుకోండి. లోపలికీ బయటికీ 16 తేడా. నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఉన్న కారులో లోపలి అంచు 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే, 16 అంటే క్యాంబర్ ఎక్కువైంది. అర డిగ్రీ తగ్గించి చూడాలి. రెండు అంచుల సగటు 90, నడుమ 95, అంటే గాలి కూడా కాస్త ఎక్కువ. ఒక పీఎస్ఐ తీయాలి. కానీ రెండూ ఒకేసారి మార్చకండి. ముందు గాలి మార్చి ఇంకో సెషన్ నడిపి, తర్వాత క్యాంబర్ ముట్టుకోండి. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక హెచ్చరిక. లోపలి అంచు అరుగుదలకు అందరూ క్యాంబర్‌నే తిడతారు, చాలాసార్లు దోషి టో (పైనుంచి చూస్తే చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం). టో ఎక్కువగా బయటికి ఉంటే టైరు స్ట్రెయిట్‌లో కూడా పక్కకు రాసుకుంటూ పోతుంది. చేతితో అంచు మీద అడ్డంగా రాస్తే రంపపు పళ్లలా తగులుతుంది. అలా తగిలితే ముందు టో కొలవండి.

#7 ఓవల్_ప్రియ

అమెరికా వైపు నుంచి ఒక మాట. టైరు అరుగుదలలో సగం టైరుది, సగం తారుది. ఊడిన రబ్బరు ఎక్కడికి పోతుందో చూడకుండా అరుగుదల లెక్క పూర్తికాదు.

2008 జులైలో ఇండియానాపోలిస్ ఓవల్‌పై నాస్కార్ (అమెరికా స్టాక్ కార్ల) రేసు దీనికి పాఠం. అక్కడి ట్రాకు పైభాగాన్ని వజ్రపు రంపాలతో గీరి గాళ్లు పెట్టి ఉంచారు. మామూలుగా అయితే రేసు సాగేకొద్దీ ఊడిన రబ్బరు ఆ గరుకులో నిండి, మెత్తని పొరలా పరుచుకుని తర్వాతి టైర్లను కాపాడుతుంది. ఆ రోజు అలా పరుచుకోలేదు. గుడ్‌ఇయర్ టైర్ల రబ్బరు పొడిగా రాలి ఎగిరిపోయింది. పదీ పన్నెండు ల్యాపులకే కుడివైపు టైర్లు లోపలి దారాలు కనపడేదాకా అరిగాయి. నిర్వాహకులు పది పన్నెండు ల్యాపులకోసారి పసుపు జెండా ఊపి అందరినీ టైర్లు మార్చుకోమన్నారు. జిమ్మీ జాన్సన్ గెలిచాడు, కానీ అభిమానులు టిక్కెట్టు కొని చూడాల్సిన రేసు కాదది.

ఓవల్‌లో అన్నీ ఎడమ మలుపులే కాబట్టి కుడివైపు టైర్లు బరువు మోస్తాయి. అందుకే కుడివైపుకు గట్టి రబ్బరు, ఎక్కువ ప్రెజర్, ఎడమవైపుకు మెత్తది, తక్కువ ప్రెజర్. కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికన్నా కాస్త ఎక్కువగా ఉండేలా కూడా చూసుకుంటారు, కారు తనంతట తానే ఎడమకు తిరగడానికి మొగ్గుతుంది.

#8 ట్యాంక్‌బండ్_గ్రిప్

ఓవల్_ప్రియ గారి మాటకు హైదరాబాదు కొసరు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు జరిగింది కదా, 2.83 కిలోమీటర్ల ట్రాకు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అలాంటి వీధి ట్రాకుకు ముందు పరుచుకున్న రబ్బరు ఉండదు. మొదటి సెషన్‌లో దుమ్ము, తర్వాత రేసింగ్ లైను మీద మాత్రం రబ్బరు పేరుకుంటుంది, ల్యాపు టైములు సెషన్ సెషన్‌కీ పడిపోతుంటాయి. ఆ లైను నుంచి ఒక మీటరు పక్కకు జరిగితే దుమ్ము, రబ్బరు ముక్కలు. ఓవర్‌టేక్ చేయబోయి గోడకు తగలడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఫార్ములా ఈ టైరు సంగతి చాలామందికి తెలియదు. ఆ రేసు నాటి జెన్3 (మూడో తరం) కారుకు హాంకుక్ ఇచ్చే గాళ్ల టైరు ఒకటే, ఎండకైనా వానకైనా అదే. ముందుగా వేడిచేసే దుప్పట్లు లేవు, రేసు మధ్యలో టైర్ల మార్పిడి లేదు. పైగా జెన్3 కారులో వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు, మోటారే ఆపుతుంది. ఎఫ్1లో బ్రేకుల వేడిని రిమ్ములోకి పంపి టైరు వేడెక్కించే ఉపాయం ఉంది. ఇక్కడ వెనక టైరుకు ఆ దారి మూసుకుపోయింది. నలిగి, జారి తనంతట తానే వేడెక్కాలి. అందుకే క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ముందు నిలవాలో తేల్చే సెషన్) టైరును సిద్ధం చేసే ల్యాపు ఎలా నడిపారన్నది అంత ముఖ్యం.

#9 కెర్బ్_మీద

మూడో ప్రశ్న ఇంకా మిగిలింది. ల్యాపు టైములు ఒకేలా వస్తుంటే టైరు బాగున్నట్టేనా?

#10 పిట్‌గోడ

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

2025 వరకు ఎఫ్1 కారు రేసుకు గరిష్ఠంగా 110 కిలోల ఇంధనం వాడొచ్చు. 57 ల్యాపుల రేసైతే ల్యాపుకు 1.9 కిలోలు తగ్గుతుంది. 10 కిలోల బరువు ల్యాపుకు సుమారు 0.3 సెకను అనుకుంటే, కారు ప్రతి ల్యాపుకూ 0.06 సెకను దాకా వేగం పుంజుకోవాలి. టైములు నిలకడగా ఉన్నాయంటే ఆ 0.06ను టైరు తినేస్తోందన్నమాట. 20 ల్యాపుల తర్వాత అది 1.2 సెకన్లు. టీవీలో ‘టైరు బాగా పట్టింది’ అంటారు, నిజానికి ఇంధనం తగ్గుదల దాన్ని కప్పేసింది.

ఇక టైర్లు మార్చడానికి ఒక స్టాపా, రెండా అన్న లెక్క. టైరు ప్రతి ల్యాపుకూ ‘త’ సెకన్ల చొప్పున నెమ్మదిస్తుంది అనుకోండి. న ల్యాపుల స్టింట్‌లో (ఒక సెట్టు టైర్ల మీద నడిచే విడతలో) మొత్తం నష్టం త × న × (న−1) ÷ 2. 57 ల్యాపులను 28, 29గా విడదీస్తే 378 + 406 = 784 త. మూడు 19లుగా విడదీస్తే 3 × 171 = 513 త. తేడా 271 త. పిట్ స్టాపుకు మొత్తం 22 సెకన్లు పోతాయనుకుంటే, 22 ÷ 271 = 0.081. అంటే టైరు ల్యాపుకు 0.08 సెకను కన్నా ఎక్కువ కోల్పోతే రెండు స్టాపులు లాభం, తక్కువైతే ఒకటే లాభం. సేఫ్టీ కారు కింద పిట్ నష్టం సగానికి పడిపోతే ఆ గీత 0.04కు దిగుతుంది. అందుకే జెండా ఊపగానే అందరూ లోపలికి దూకుతారు.

#11 రబ్బరు_పాకం

పిట్‌గోడ గారి లెక్కకు ఒక సవరణ. టైరు సరళరేఖలో నెమ్మదించదు. మొదటి రెండుమూడు ల్యాపులు కాస్త తడబాటు, తర్వాత నిలకడ, ఆఖర్న ఒక్కసారిగా జారుడు. ట్రెడ్ పలచబడ్డాక వేడి నిలుపుకునే రబ్బరే మిగలదు. టైరు చల్లారుతుంది, చల్లారాక జారుతుంది, జారితే ఇంకా అరుగుతుంది. అక్కడి నుంచి ల్యాపుకు సెకను పైనే పోవచ్చు. 2013 అక్టోబరులో మన గ్రేటర్ నొయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో వెటెల్ సాఫ్ట్ టైర్లతో మొదలుపెట్టి రెండో ల్యాపుకే వాటిని వదిలించుకున్నాడు. ఆ మెత్త టైరు అక్కడ నిలిచేది కాదు, దాన్ని కాపాడుకుంటూ తిరిగే బదులు ముందే పిట్ నష్టం కట్టేసి ఖాళీ ట్రాకు మీద మీడియంతో పరిగెత్తడం మేలని లెక్క తేలింది. రేసుతోపాటు నాలుగో ప్రపంచ టైటిలూ ఆ రోజే గెలిచాడు.

#12 కెర్బ్_మీద

రేసయ్యాక డ్రైవర్లు లైను వదిలి, రబ్బరు ముక్కలు పేరుకున్న చోట నడుపుతారు. బరువు కోసమేనా?

#13 పిట్‌గోడ

అవును, రేసయ్యాక కారును తూస్తారు, కనీస బరువు నిబంధన ఉంది. చిల్లర బరువు కాదది. 2025 దాకా వాడిన 18 అంగుళాల టైరు వ్యాసం 720 మిల్లీమీటర్లు. నేలను తాకే ట్రెడ్ వెడల్పు ముందు 270, వెనక 370 మిల్లీమీటర్లు అనుకుని, ఒక మిల్లీమీటరు అరిగితే ఎంత రబ్బరు పోతుందో లెక్కేయండి. చుట్టుకొలత 2.26 మీటర్లు. ముందు టైరుకు 0.6 లీటరు, వెనకదానికి 0.8 లీటరు పైన. నాలుగు టైర్లకు కలిపి 3 కిలోలకు పైగా తేలుతుంది. ఒక్క మిల్లీమీటరుకే.

2024 స్పాలో రసెల్ ఒకే స్టాపుతో గీత దాటినప్పుడు మొదటివాడు. ఇంధనం తీసి తూస్తే కారు 796.5 కిలోలు, నిబంధన 798. కిలోన్నర తక్కువకు విజయం పోయింది. స్పాలో రేసు తర్వాత పూర్తి ల్యాపు తిరగరు, కాబట్టి దారిలో రబ్బరు ముక్కలు అంటించుకుని బరువు పూడ్చుకునే వీల్లేదు. 2025 చైనాలో లెక్లేర్ కారు కూడా కిలో తక్కువ తూగింది. అతనిదీ ఒకే స్టాపు. టైరు ఎక్కువసేపు లాగాలని ముందే అనుకుంటే బరువు లెక్కలోనూ ఆ మేరకు జాగా ఉంచుకోవాలి.

#14 ఓవల్_ప్రియ

ఇప్పటిదాకా ట్రెడ్ గురించే మాట్లాడాం. ట్రెడ్ నిండుగా ఉండి కూడా టైరు పోవచ్చు.

2005 ఇండియానాపోలిస్ ఎఫ్1 రేసు తెలిసిందే. బ్యాంకింగ్ (ట్రాకును పక్కకు వాలుగా కట్టడం) ఉన్న 13వ మలుపులో మిషెలిన్ ఎడమ వెనక టైరు నిలవదని తేలింది. శుక్రవారం రాల్ఫ్ షూమాకర్ అక్కడే గోడకు కొట్టాడు. ఆ ఏడాది నిబంధన ప్రకారం క్వాలిఫయింగ్‌కూ రేసుకూ ఒకే సెట్టు, మధ్యలో మార్చకూడదు. ఫార్మేషన్ ల్యాపు (రేసు మొదలయ్యే ముందు తిరిగేది) తర్వాత మిషెలిన్ కార్లు 14 లోపలికి వచ్చేశాయి, బ్రిడ్జ్‌స్టోన్ కార్లు ఆరే పరిగెత్తాయి. అది మెత్త గట్టి సమస్య కాదు. బ్యాంకింగ్ టైరును కిందికి అదుముతుంది, సైడ్‌వాల్ మీద అనుకోని భారం పడుతుంది. దానికి టైరు నిర్మాణమే వేరుగా ఉండాలి.

అదే ఏడాది నూర్‌బర్గ్‌రింగ్‌లో రైకోనెన్ బ్రేకు లాక్ చేసి (చక్రం తిరగకుండా బిగుసుకుపోయి) ముందు టైరును ఒకచోట చదును చేసుకున్నాడు. మార్చుకునే వీల్లేని నిబంధన. ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ చొప్పున ఊగి ఊగి ఆఖరి ల్యాపు మొదట్లో సస్పెన్షన్ విరిగింది. క్లబ్ రేసుల్లోనూ గుర్తుంచుకోండి, చదును పడ్డ టైరు తర్వాతి ప్రతి లాకులోనూ అదే చోట ఆగుతుంది. రంధ్రాల లోతు మిగతాచోట్ల బాగున్నా ఆ చోట దారాలు కనపడితే టైరు తీసేయాలి.

#15 పిట్‌గోడ

కెర్బుల (మలుపుల అంచున ఉండే గట్ల) సంగతి కూడా అదే కోవ. 2023 ఖతార్‌లో పిరమిడ్ ఆకారపు కెర్బుల మీద వేగంగా, పదేపదే ఎక్కడంతో సైడ్‌వాల్‌లో పైరబ్బరుకూ కింది దారాలకూ మధ్య సన్నని విడివడటం కనిపించింది. బయటికి ఏమీ తెలియదు. టైరు కోసి చూస్తేనే బయటపడింది. ఒక్కో సెట్టుకు 18 ల్యాపుల పరిమితి పెట్టారు. 2025లో అక్కడే పరిమితి 25. రేసు 57 ల్యాపులు. ఏడో ల్యాపులో సేఫ్టీ కారు వచ్చింది: మిగిలినవి సరిగ్గా 50, అంటే రెండు 25లు. అప్పుడే టైర్లు మార్చినవాళ్లకు ఒక స్టాపు చవగ్గా అయిపోయింది. మెక్‌లారెన్ కార్లు రెండూ ఆగకుండా సాగాయి, రేసు వెర్‌స్టాపెన్‌కు పోయింది.

#16 కెర్బ్_మీద

ఇక ఆఖరిది. సీజన్ మధ్యలో వాడిన స్లిక్కులు దాచుకుని మళ్లీ వాడాలంటే? మన దగ్గర కొత్త సెట్టు ఖరీదు చూస్తే పారేయబుద్ధి కాదు.

#17 నాలుగో_నట్టు

దాచుకోవచ్చు, పద్ధతిగా.

కొత్త టైరును మొదటిసారి మెల్లగా వేడెక్కించి, నిదానంగా పెంచి, పూర్తి వేడికి తెచ్చాక ఆపి, ఒకరోజు వదిలేయండి. రబ్బరు బంధాలు ఆ విరామంలో సర్దుకుంటాయి, తర్వాత నిలకడగా ఉంటుంది. మొదటి ల్యాపు నుంచే తొక్కేస్తే ఆ సెట్టు జీవితకాలం తగ్గుతుంది.

వాడిన తర్వాత టైరు ఇంకా వెచ్చగా ఉండగానే అంటుకున్న రబ్బరు ముక్కలు గీకేయండి. చల్లారితే హీట్ గన్‌తో పైపైన మెత్తబరిచి గీకుడు కత్తితో తీయాలి, ఒకేచోట ఆపి ఉంచితే అసలు ట్రెడ్ కాలుతుంది. ముక్కలు తీయకుండా రంధ్రాల లోతు కొలిస్తే అబద్ధపు అంకె వస్తుంది.

ప్రతి టైరు సైడ్‌వాల్ మీద చాక్‌పీసుతో అది ఏ మూలదో, ఎన్నిసార్లు వేడెక్కి చల్లారిందో రాసి పెట్టండి. లోతు కన్నా ఈ లెక్కే ముఖ్యం. ప్రతి వేడి చల్లారుడుకూ రబ్బరు కొంచెం బిరుసెక్కుతుంది. షోర్ ఎ డ్యూరోమీటరుతో (రబ్బరు గట్టిదనం కొలిచే పరికరం) కొత్తప్పుడు ఎంత ఉందో రాసుకుని, ప్రతిసారీ అదే ఉష్ణోగ్రతలో కొలిచి పోల్చండి. ఐదారు పాయింట్లు పెరిగితే ఆ టైరు ప్రాక్టీసుకే, మందం ఎంత మిగిలినా సరే.

గాలి సగానికి తగ్గించి, నల్లటి ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, ఎండ తగలని గదిలో పెట్టండి. కరెంటు మోటార్లు, వెల్డింగ్ మిషన్లు ఉన్న షెడ్డులో పెట్టకండి, వాటి నిప్పురవ్వల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును పగుళ్లు తెస్తుంది. రేకుల షెడ్డు అటక అసలే వద్దు, మన వేసవిలో అక్కడ టైరు తిరగకుండానే ముసలిదవుతుంది.

పాత సెమీ స్లిక్కులు కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అక్షరాల వరుస చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ట్రెడ్ నిండుగా ఉండి తేదీ నాలుగైదేళ్ల వెనకదైతే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి. గోరుతో భుజం దగ్గర నొక్కితే ముద్ర పడి నిదానంగా పోవాలి. అసలు ముద్రే పడకపోతే అది రేసు టైరు ఆకారంలో ఉన్న గట్టి రబ్బరు.

#18 కెర్బ్_మీద

నాలుగో_నట్టు గారూ, ఉష్ణోగ్రత, ప్రెజర్ రాసుకునే కాగితం ఏ వరుసలో ఉండాలో కూడా చెప్పేస్తే దీన్ని పైన పిన్ చేయొచ్చు.

#19 నాలుగో_నట్టు

కారును పైనుంచి చూసినట్టు నాలుగు గళ్లు గీయండి. ఒక్కో గడిలో పై వరుసలో మూడు ఉష్ణోగ్రతలు, ఎడమ టైర్లకు బయట నడుమ లోపల, కుడి టైర్లకు లోపల నడుమ బయట. కారులో ఉన్న వరుసే కాగితం మీద ఉంటే తప్పు రాదు. కింద చల్ల ప్రెజర్, వేడి ప్రెజర్, రంధ్రం లోతు. పేజీ తలన టైము, గాలి ఉష్ణోగ్రత, ట్రాకు ఉష్ణోగ్రత, ల్యాపులెన్ని, సెట్టు నంబరు. కిందన డ్రైవరు మాట ఒక్క వాక్యం: కారు ముందు జారిందా, వెనక జారిందా, ఏ మలుపులో, ఎన్నో ల్యాపు నుంచి. ఆ వాక్యాన్ని అంకెలు చూపించకముందే రాయించుకోండి.